ఉతకొద్దన్న చీర

దత్తత గురించి అడగడానికి మా ఇంటికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తుంటారు. పోయిన వారం నందివాడ వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే, "మొత్తం ఎంతవుద్దండీ?" అన్నాడు. భార్య మోచేత్తో పొడిచింది.

"అడిగితే తప్పేంటే, తెలుసుకోవాలిగా" అని ఆయన నవ్వాడు.

నాకు ఆ ప్రశ్న తప్పనిపించలేదు. మేమూ ముందు అదే అడిగాం. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఇల్లు చూడడానికి వచ్చే సోషల్ వర్కర్‌కి ఒక ఫీజు, పిల్లని అప్పగించేటప్పుడు సంస్థకి ఒక ఫీజు, రెండూ ప్రభుత్వం నిర్ణయించినవే, రసీదు ఇస్తారు, అంతకు మించి ఎవరడిగినా ఇవ్వొద్దు అని చెప్పాను. డాక్టరు పరీక్షలు, సర్టిఫికెట్ల కోసం తిరగడాలు, ఇచ్చిన సెలవు చాలక ఇంట్లో ఒకరు కొన్నాళ్లు జీతం వదులుకోవాల్సి రావడం, అవీ చెప్పాను. ఆయన అన్నీ ఫోన్లో రాసుకున్నాడు.

లేవబోతుంటే, "పాపని అప్పటిదాకా పెంచిన ఆయా ఎవరో కనుక్కోండి. ఆవిడతో మంచిగా ఉండండి" అన్నాను. అది ఆయన రాసుకోలేదు. ఆయన స్థానంలో నేనున్నా రాసుకునేవాణ్ణి కాను. వాళ్లకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మేం ఉండేది బందర్లో. పెడనలో మాకు చిన్న కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. పనివాళ్లతో పాటు నేనూ బల్ల ముందు నిలబడి అచ్చు కొడతాను. నా భార్య గుడివాడలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది, రోజూ రైల్లో వెళ్లొస్తుంది. పెళ్లయిన పదమూడేళ్లకి, వైద్యాలన్నీ అయిపోయాక, దత్తతకి పేరు పెట్టుకున్నాం. మూడేళ్లకు పైగా ఎదురు చూశాక పాప ఫొటో వచ్చింది. ఏడాదీ ఎనిమిది నెలల పిల్ల. ఫొటోలో ఎవరి చంకలోనో ఉంది. ఎత్తుకున్న మనిషి తల ఫొటోలో పడలేదు. ముదురు రంగు గాజులున్న చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది, పాప ఆ చేతిని పట్టుకుని ఉంది. నేను ఆ ఫొటోని వాట్సాప్‌లో అందరికీ పంపేముందు, ఆ చెయ్యి కనపడకుండా కత్తిరించి పంపాను. తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

పాపని తెచ్చుకున్న రోజు ఆ చెయ్యి ఎవరిదో చూశాను. యాభై ఏళ్లావిడ, దివిసీమ మనిషి, నాగాయలంక అవతల ఏదో పల్లె. ఆ శిశుగృహంలో పిల్లలంతా ఆవిడని అమ్మమ్మా అని పిలుస్తున్నారు. పాపకి ఆవిడే స్నానం చేయించి, గౌను వేసి, కాటుక పెట్టింది. సంతకాలు అవుతున్నంతసేపూ మాకు జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

"పెరుగన్నం ముందు పెట్టండి బాబుగారూ, పప్పు తర్వాత. తిరగేశారంటే ఊసేసిద్ది. నిద్రొస్తే చెవి పట్టుకుంటది, తనది కాదు, మీది. పట్టుకోనివ్వండి."

ఆఖరికి మడత పెట్టిన ఒక పాత నూలు చీర నా భార్య చేతికిచ్చింది. ఎన్నో ఏళ్లు కట్టి కట్టి రంగంతా దిగిపోయిన చీర. "ఇది లేకపోతే పడుకోదమ్మా. నేను కట్టుకున్నదే. ఉతకొద్దు. ఎంత మాసినా ఉతకమాకండి. వాసన పోయిద్ది."

వెంటనే మా ఆవిడ ఫోన్ తీసి ఆవిడ నంబరు ఎక్కించుకుంది. "ఆదివారాలు వీడియో కాల్ చేస్తూ ఉండండి అమ్మా" అంది. ఆవిడ మేనేజరు మొహం వైపు చూసి, "చెయ్యొచ్చాండీ?" అని అడిగింది. పేరెంట్స్‌కి ఇష్టమైతే మాకేం అభ్యంతరం అన్నారాయన.

కారెక్కిన దగ్గర్నుంచి బందరు చేరేదాకా పాప ఏడుస్తూనే ఉంది. నాకు చెమటలు పట్టాయి. "మనం నచ్చలేదే దీనికి" అన్నాను. నా భార్య, "ఏడవనివ్వండి. ఆవిడ కోసం ఏడవకపోతే అప్పుడు భయపడాలి" అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనుకోలేదు.

రెండు వారాల్లో పాప మా ఆవిడకి అలవాటు పడింది. వంటింట్లో కాళ్లకి అడ్డం పడుతూ తిరిగేది, చీర కొంగు పట్టుకుని బట్టలారేసే చోటికి వెళ్లేది. నా దగ్గరికి రాలేదు. ఇనుప తుప్పూ బెల్లమూ పులియబెట్టి మేం నల్లరంగు చేస్తాం. ఆ నలుపు నా వేళ్ల చివర, గోళ్ల పక్కన ఇరవై ఏళ్లుగా ఉండిపోయింది. నేను ముద్ద కలిపి చెయ్యి చాస్తే పాప నా వేళ్ల వంక చూసి మొహం తిప్పేసేది. నిమ్మచెక్కతో రుద్దాను, రాతితో రుద్దాను, చర్మం లేచింది గానీ నలుపు పోలేదు. చెంచాతో పెట్టబోయాను, అదీ లేదు. చక్రాల గుర్రం కొన్నాను, పాప గుర్రాన్ని ఆడుకోడానికి తీసుకుంది, నన్ను తీసుకోలేదు. "నాన్న ఏడీ?" అని మా ఆవిడ అడిగితే పాప గోడ గడియారాన్ని చూపించేది. మా ఆవిడ పడీ పడీ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, లోపల కుతకుతలాడుతూ.

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగేది. ఆ మోత వినగానే పాప ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. తెరమీద ఆవిడ మొహం కనపడగానే రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ముద్దులు పెట్టేది. ఆవిడ అక్కణ్ణుంచి, "అమ్మడూ, బువ్వ తిన్నావా? నాన్నగారికి ముద్దు పెట్టావా?" అనేది. ఆవిడ నా తరఫున అడుగుతోందని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. నా ఇంట్లో, నా కూతుర్ని, నాకు ముద్దు పెట్టమని ఆవిడ చెప్పేదేంటి అనుకున్నాను.

ఫోన్ పెట్టేశాక పాప చీర తెచ్చుకుని మొహం మీద కప్పుకుని పడుకునేది. అది చూసి చూసి ఆ చీర మీద నాకు ఎలాంటి ద్వేషం పుట్టిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మన ఇంట్లో మన మంచం మీద పరాయి మనిషి పడుకుని ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది. మనిషైతే పొమ్మనొచ్చు. దాన్ని ఏమనగలం? మా ఆవిడ నీలం దుప్పటి మీద దాన్ని జాగ్రత్తగా మడిచి పెట్టేది.

నేను బట్టలతో బతికేవాణ్ణి. మా పనంతా ఉతకడమే. కొత్త గుడ్డకి గంజి పోయేదాకా ఉతుకుతాం, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తాం, అచ్చు కొట్టాక పారే కాలువలో ఉతుకుతాం, రంగు కాగులో ఉడికించి మళ్లీ ఉతుకుతాం. గుడ్డలో మనకి అక్కర్లేనిది మిగిలితే రంగు పట్టదు. ఉతికితే పోనిది ఉండదని మా నమ్మకం. చీర సంగతి ఎలా తేల్చాలో నాకు ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

మూడు నెలలయ్యాక గుడివాడలో మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. మా ఆవిడ పాపని తీసుకుని నాలుగు రోజులు ఉండడానికి బయల్దేరింది. స్టేషన్‌కి టైమైపోతోంది. "చీర పెట్టారా?" అని అరిచింది బాత్రూమ్‌లోంచి. సంచి నా చేతిలోనే ఉంది.

"పెట్టాను" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. పాప రాత్రంతా పడుకోలేదనీ సంచి మూడుసార్లు తిరగేసి చూశాననీ చెప్పింది. "అయ్యో, మంచం మీదే ఉండిపోయినట్టుంది" అన్నాను. అప్పటికి చీర పెడనలో, బ్లీచింగ్ తొట్టిలో నానుతోంది.

మా షెడ్డులో నాన్న కాలం నుంచీ పనిచేస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నేను ఆయన్ని మావయ్యా అంటాను. కర్రతో చీరని పైకెత్తి చూశాడు.

"నేసి ఎన్నేళ్లయిందో. దీనికి ఇంత మందు దేనికయ్యా? పీలికలవుద్ది."

"పాప కప్పుకునేది మావయ్యా. పూలూ చిలకలూ వేసి ఇద్దామని."

"పిల్ల కప్పుకునేదానికి బ్లీచింగా? సబ్బుతో జాడిస్తే సరిపోయిద్దిగా."

"వాసన పోవాలి."

"ఏం వాసన? నిన్న చూశాగా. కొబ్బరినూనె, పాలు. పిల్లలున్న ఇంటి వాసన."

"అదే పోవాలి."

ఆయన కర్ర వదిలేసి నా మొహంలోకి చూశాడు. "ఎవరిమీదయ్యా నీ కోపం?" అని నవ్వాడు. ఆ చీరకి అచ్చు కొట్టడానికి ఆయన రానన్నాడు, నడుం నొప్పంటూ వెళ్లి కూర్చున్నాడు. నేనే కొట్టాను. తీగ, తీగ మీద చిలకలు, అంచుకి చిన్న పూలు. కాలువలో నేనే దిగి ఉతికాను. ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశాననే చెప్పాలి. ఆ నాలుగు రోజులూ నేను బిడ్డకి బహుమతి తయారు చేస్తున్నాననే నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు నామీద ఎక్కువ రోత పుట్టించేది అదే. చెడ్డపని చేస్తున్నంతసేపూ ఈల వేసుకుంటూ చేశాను.

వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రం చీరని మంచం మీద పరిచి ఉంచాను. ఎర్ర చిలకలు బాగా తేలాయి. పాప గదిలోకి వచ్చింది. దగ్గరికెళ్లి ఒక కొస పట్టుకుని ముక్కుకి ఆనించుకుంది. వదిలేసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తలగడ ఎత్తి చూసింది. మంచం కింద చూసింది. తలుపు వెనక్కి వెళ్లి చూసి వచ్చింది. బట్టలారేసే తాడు దగ్గరికి వెళ్లి తలెత్తి నిలబడింది. ఆ చీర తన ఎదురుగానే ఉందని దానికి తెలియదు. ఇల్లంతా వెతికి, వచ్చి నేలమీద కూర్చుంది.

మా ఆవిడ చీర మడతలు తడిమింది. "మీరు మర్చిపోలేదు" అంది. నేను బాగా వచ్చిందని అద్దకం గురించి ఏదో మాట్లాడబోయాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత పాప పగలూ రాత్రీ నలిగింది. తిండి తగ్గింది. పిల్ల అలా అయిపోవడానికి కారణం నేనని ఒప్పుకోవాల్సిన సమయంలో నేను ఇంకో కారణం వెతుక్కున్నాను. ఆ ఫోన్లే కారణం అనుకున్నాను. ఆదివారం వచ్చేసరికి పాప ఫోన్లోని ఆవిడ కొంగు పట్టుకోబోయి, అద్దం తగిలి, గుక్కపెట్టింది. మర్నాడు షెడ్డు నుంచి శిశుగృహం మేనేజరుకి ఫోన్ చేశాను. మీ ఆయా ఇంకా పిల్ల వెంట పడుతోందనీ, పిల్ల మాకు దగ్గర కాలేకపోతోందనీ, ఇలాగైతే పైకి రాయాల్సొస్తుందనీ చెప్పాను. వెంట పడుతోంది అన్న మాట నేనే వాడాను. ఆయన క్షమించమని అడిగి, మాట్లాడతానన్నారు.

తర్వాతి ఆదివారం ఫోన్ మోగలేదు. ఆ తర్వాత కూడా. మా ఆవిడ చేస్తే ఎత్తలేదు. "పని ఒత్తిడేమో" అన్నాను. పాప రెండు మూడు ఆదివారాలు ఫోన్ పట్టుకుని తిరిగింది. తర్వాత మానేసింది. నెమ్మదిగా నా చేతి ముద్ద తినడం మొదలుపెట్టింది. ఒకరోజు పడుకోబోతూ నా చెవి పట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచాననుకున్నాను.

ఆరు నెలలు నిండాక సోషల్ వర్కర్ పాపని చూడడానికి ఇంటికొచ్చింది. ఎత్తూ బరువూ రాసుకుంది, టీకాల కార్డు చూసింది, కాఫీ తాగింది. వెళ్లబోతూ మామూలుగా అంది, "మీ కంప్లైంట్ విషయం సెటిలైపోయిందండీ. ఆ ఆయా పని మానేసింది. ఎవరూ తీసేయలేదు. మాటపడ్డాక ఉండలేనని తనే వెళ్లిపోయింది."

"ఏం కంప్లైంట్?" అంది మా ఆవిడ.

సోషల్ వర్కర్ నా వైపు చూసింది. నేను టీకాల కార్డు వైపు చూశాను.

ఆవిడ వెళ్లాక మా ఆవిడ కాఫీ గ్లాసు కడిగి పెట్టి వచ్చింది. తర్వాత అరవకుండా, మెల్లగా అంది. "పుట్టగానే ఒకసారి అమ్మని పోగొట్టుకుంది ఆ పిల్ల. అది మన చేతుల్లో లేదు. రెండోసారి మీరు పోగొట్టారు. ఫీజులు కట్టాం, రసీదులు దాచుకున్నాం, ఖర్చంతా మనమే పెట్టుకున్నామని తిరుగుతున్నాం. ఆ పిల్లకి ఎంతైందో అడిగామా? ఆవిడకి ఎంతైందో?"

"దానికి తండ్రిని కావాలనుకున్నాను" అన్నాను.

"అయ్యారుగా" అంది.

తర్వాతి ఆదివారం ముగ్గురం దివిసీమ వెళ్లాం. పులిగడ్డ వంతెన దాటి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక, అక్కణ్ణుంచి అడుగుతూ అడుగుతూ. ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉంటోంది. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకి వంట చేసి పంపిస్తోంది. మేం వెళ్లేసరికి తాటాకు పంచలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కారు చూసి లేచింది. పాపని చూసి చేతులు చీరకి తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంది.

"అమ్మడూ" అంది.

పాప ఆవిడని చూసింది. గుర్తుపట్టలేదు. ఎవరో కొత్తమనిషి చేతులు చాపితే పిల్లలు ఎలా చేస్తారో అలా వెనక్కి తగ్గి, నా కాళ్లు చుట్టేసుకుని, "నాన్నా, ఎత్తుకో" అంది.

ఇక్కడ అబద్ధం రాయకూడదు. ఆ క్షణంలో నాకు సంతోషమేసింది. ఆరు నెలలు ఏ మాట కోసం అల్లాడానో, ఆ మాట ఆవిడ ముందు, ఆవిడ వినేట్టు పాప అంది. సంతోషం రావడం, ఆవిడ చేతులు కిందికి దిగడం ఒకేసారి జరిగాయి. రెండూ చూశాను.

"బాగా మరిగిందండీ మీకు" అందావిడ. "మంచిదే. అట్టాగే ఉండాల."

మంచం వాల్చింది, కూర్చోమంది. నేను కూర్చోలేదు. ఫోన్ చేసింది నేనేనని, వెంట పడుతోందన్న మాట నాదేనని, చీర ఉతికేశానని, అన్నీ చెప్పాను.

"ఫోన్ సంగతి తెలుసండి. ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పారు." ఆవిడ గొంతు మారింది. "నేనేం మీ పిల్లని ఎత్తుకుపోతానా బాబుగారూ? పదకొండు మందిని పెంచి పంపిచ్చా. ఏ ఒక్కళ్లకీ ఫోన్ చెయ్యలా. ఎవరూ చెయ్యమన్లా. ఈ తల్లి చెయ్యమంది కాబట్టి చేశా. దానికి వెంట పడతన్నానా?" కాసేపాగి, "చీర సంగతి తెలవదు. ఉతికేశారా?" అంది. నేను తలూపాను. "ఉతకొద్దన్నా కదండీ" అంది. అప్పుడు ఏడ్చింది. మా ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది.

క్షమించమన్నాను. "ఏమోనండి" అంది. ఆ రోజు ఆవిడ నన్ను క్షమించలేదు. తర్వాత ఎప్పుడైనా క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు ఉందనుకోను.

మొహం కడుక్కొచ్చి, మళ్లీ చేట ముందు కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. పాప నా చంకలోంచి చూస్తోంది. "అమ్మమ్మ దగ్గరికి వెళ్లమ్మా, వెళ్లు" అన్నాను.

"పిలవమాకండి" అందావిడ తలెత్తకుండా. "కొత్త పిల్లొస్తే పిలవకూడదు. చూడకూడదు. మన పని మనం చేసుకోవాల. దించి వదిలేయండి."

దించాను. ఆవిడ చేట చెరుగుతూ, గింజల్ని ఇటొక కుప్ప అటొక కుప్ప చేస్తూ, తనలో తనే ఏదో గొణుక్కుంటోంది. పాప కాసేపు నా ప్యాంటు వదల్లేదు, తర్వాత వదిలింది. ఒక అడుగు వేసి నా వంక చూసింది. ఇంకో అడుగు వేసి మళ్లీ చూసింది. నేను కనిపిస్తున్నంతసేపూ అలాగే ఆగి ఆగి చూస్తుంది. నా వంక చూడాలనే నేను అక్కడ నిలబడ్డాను. అది కూడా నాకు తెలుసు.

మా ఆవిడ నా వైపు చూసింది, అంతే.

పంచ దాటి, కోళ్ల గూడు పక్కనుంచి, మురుగుకాలువ గట్టు మీదికి వెళ్లిపోయాను. అక్కణ్ణుంచి ఇల్లు కనపడదు. పశ్చాత్తాపపడితే అసూయ పోతుందనుకునేవాణ్ణి. పోదు. రెండూ ఒకే కడుపులో ఉంటాయి. ఎండలో నిలబడ్డాను. కొంతసేపటికి చేట బోర్లపడి బియ్యం చిమ్మిన చప్పుడు, "ఓసి నీ!" అని ఆవిడ అరుపు, దాని వెంటే పాప నవ్వు వినిపించాయి. కాళ్లు ఇంటివైపు లాగాయి. వెళ్లలేదు.

గంట తర్వాత మా ఆవిడ వచ్చి, "అన్నం తింటోంది, రండి" అంది. నేను లేనప్పుడు పాప నాకోసం వెనక్కి తిరిగి చూసిందా అని మా ఆవిడని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఈరోజు వరకూ అడగలేదు.